కిక్కు లేని జిన్ ఎవరి కోసం?

700 మిల్లీలీటర్ల సీసా, ధర పాతిక పౌండ్లకు పైనే. చూస్తే ఖరీదైన జిన్ సీసాలా ఉంటుంది. లోపల మాత్రం ఆల్కహాల్ లేదు, చక్కెర లేదు, కేలరీలూ లెక్కలోకి రావు. సీడ్‌లిప్ పేరుతో 2015 నవంబర్‌లో ఇది లండన్‌లోని సెల్ఫ్రిడ్జెస్ స్టోర్‌లో అమ్మకానికి వచ్చింది. సువాసన వేసిన నీళ్లకు అంత డబ్బు ఎవరు పెడతారని అప్పట్లో ఎవరైనా నవ్వి ఉంటే వాళ్లను తప్పుపట్టలేం. కానీ కంపెనీ చెప్పుకునే లెక్క ప్రకారం మొదటి వెయ్యి సీసాలు మూడు వారాల్లో అయిపోయాయి, రెండో వెయ్యి మూడు రోజుల్లో, మూడో వెయ్యి అరగంటలో. నాలుగేళ్లు తిరక్కుండానే, 2019 ఆగస్టులో, జానీ వాకర్, స్మిర్నాఫ్ లాంటి బ్రాండ్ల యజమాని డియాజియో ఆ కంపెనీలో మెజారిటీ వాటా కొనేసింది.

సీడ్‌లిప్ మొదలుపెట్టిన బెన్ బ్రాన్సన్‌ది ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో తరతరాలుగా వ్యవసాయం చేస్తున్న కుటుంబం. 1651 నాటి ఒక స్వేదన గ్రంథంలో మత్తు లేని మూలికా అర్కాల తయారీ చదివి, చిన్న రాగి బట్టీ కొనుక్కుని వంటింట్లోనే ప్రయోగాలు చేశాడు. సీడ్‌లిప్‌లో గార్డెన్ 108 అనే రకం రుచి పచ్చి బఠాణీ, ఎండుగడ్డి, పుదీనా, రోజ్‌మేరీల నుంచి వస్తుంది. స్పైస్ 94 అనే రకంలో యాలకులు, ఆల్‌స్పైస్, ఓక్ చెక్క ఉంటాయి. ఆ తర్వాత దారి తెరుచుకుంది. ఆస్ట్రేలియా నుంచి లైర్స్, బ్రిటన్ నుంచే ఎవర్‌లీఫ్, పెంటైర్ వచ్చాయి. చివరికి గోర్డన్స్, టాంకరే లాంటి పాత జిన్ కంపెనీలు కూడా తమ పేరు పక్కన 0.0 తగిలించి సీసాలు దించాయి. వీటన్నిటినీ కలిపి ఆల్కహాల్ లేని బొటానికల్ స్పిరిట్స్, అంటే మొక్కల సారంతో చేసిన స్పిరిట్స్, అంటున్నారు.

మందు మానాలనుకునేవాళ్లకు, తగ్గించాలనుకునేవాళ్లకు ఇవి ప్రత్యామ్నాయం అని ప్రచారం. అది కొంత నిజం. ఎంతవరకు నిజమో తేలాలంటే ముందు ఆల్కహాల్ సీసాలో ఏం పని చేస్తుందో చూడాలి. మత్తెక్కించడం దాని పనుల్లో ఒకటి మాత్రమే.

దాని మొదటి పని వాసనను పట్టి ఉంచడం. నిమ్మతొక్క గిల్లితే చిమ్మే నూనెలో ముఖ్యమైన పదార్థం లిమోనీన్. లీటరు నీటిలో అది 15 మిల్లీగ్రాములు కూడా కరగదు, ఆల్కహాల్‌లో మాత్రం ఎంత కావాలంటే అంత కరుగుతుంది. జిన్‌కు అసలు వాసన ఇచ్చే జూనిపర్ కాయల్లోని పైనీన్ అనే పదార్థానిదీ అదే కథ. అందుకే 40 శాతం ఆల్కహాల్ ఉన్న జిన్‌లో ఈ నూనెలు కనిపించకుండా కలిసిపోతాయి. ఆల్కహాల్ తీసేస్తే నూనె పైకి తేలుతుంది, లేదా ద్రవం పాలలా తెల్లబడుతుంది. సోంపు మద్యాల్లో నీళ్లు పోసినప్పుడు కనిపించే తెలుపు ఇదే.

నీటికి అన్ని వాసనలూ పట్టవని కాదు. పన్నీరులో గులాబీ వాసన అంత నిజంగా ఉండటానికి కారణం గులాబీలోని ఫినైల్ ఇథనాల్ నీటిలో బాగానే కరగడం. పేరులో ఇథనాల్ ఉన్నా అది మత్తు ఇచ్చేది కాదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో డేగ్‌లనే రాగి పాత్రల కింద కట్టెలు పెట్టి తీసే గులాబీ జలం, యునానీ మందుల షాపుల్లో దొరికే సోంపు అర్కం, పిల్లలకు కడుపునొప్పి వస్తే పట్టే వాము నీళ్లు, అన్నీ ఈ కోవలోనివే. ఆల్కహాల్ లేకుండా మొక్కల వాసనను ఆవిరితో పట్టే పని మన దేశానికి కొత్త కాదు. అయితే వీటిని ఔషధంగానో, సుగంధంగానో వాడారు. గ్లాసులో పోసుకుని గంటసేపు కూర్చోవడానికి కాదు.

రెండో పని మంట. విస్కీ గుటక వేస్తే గొంతులో దిగే వేడి నిజంగా వేడి కాదు. మిరపకాయలోని కాప్సైసిన్‌కు స్పందించే గ్రాహకమే ఆల్కహాల్‌కూ స్పందిస్తుంది. మామూలుగా 42 డిగ్రీల దగ్గర మేల్కొనే ఆ గ్రాహకం ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీల దగ్గరే మేల్కొంటుందని 2002లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. నోటి వేడి అంతకంటే ఎక్కువే కాబట్టి మన ఒంటి వేడే మనకు మంటలా అనిపిస్తుంది. ఈ కారణం వల్లే చాలా ఆల్కహాల్ లేని స్పిరిట్లలో మిరప, అల్లం, మిరియాల సారం వేస్తారు. మంట వస్తుంది, నిజమే. కానీ మందు మంట లేచి వెంటనే దిగిపోతుంది. మిరప మంట నాలుకను పట్టుకుని వదలదు. అలవాటైన నోరు ఈ తేడాను మొదటి గుటకలోనే కనిపెడుతుంది.

మూడోది చిక్కదనం. అది లేక పానీయం పల్చగా నీళ్లలా తగులుతుంటే గ్లిసరిన్, జాంతన్ గమ్ లాంటివి కలుపుతారు. నిల్వ కూడా ఒక సమస్యే. 40 శాతం ఆల్కహాల్‌లో ఏ సూక్ష్మజీవీ పెరగదు, అందుకే మూత తీసిన విస్కీ సీసా బీరువాలో ఏళ్ల తరబడి ఉన్నా పాడుకాదు. ఆల్కహాల్ లేని సీసాకు ఆ రక్ష లేదు. సిట్రిక్ యాసిడ్, పొటాషియం సార్బేట్ లాంటి నిల్వ పదార్థాలు వేస్తారు, మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి లేబుల్ మీద చెప్పిన గడువులోగా వాడేయమంటారు. ఖరీదు పెట్టి కొని, పండక్కి పండక్కి ఒక పెగ్గు చొప్పున తాగుదామనుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

ఇప్పుడు ధర విషయం. 2015 నాటి బ్రిటిష్ పన్నుల ప్రకారం 40 శాతం ఆల్కహాల్ ఉన్న 700 మిల్లీలీటర్ల సీసాపై ఎక్సైజ్ సుంకమే 7 పౌండ్ల 74 పెన్నీలు. సీడ్‌లిప్‌కు ఆ సుంకం లేదు. అయినా ధర మంచి జిన్‌తో సమానం. తయారీ ఖర్చు కొంత ఉంది. ఒక్కో మూలికను విడిగా ఆల్కహాల్‌లో నానబెట్టి, విడిగా బట్టీ పట్టి, ఆ తర్వాత ఆల్కహాల్‌ను తీసేసి, మిగిలిన నీటి సారాలను కలపాలి. అంటే ఆల్కహాల్ లేని పానీయం చేయడానికి ముందు ఆల్కహాల్‌నే వాడాలి. కొన్ని కంపెనీలు పీడనం తగ్గించి తక్కువ వేడి దగ్గర ఆవిరి పడతాయి, కొన్ని కార్బన్ డయాక్సైడ్‌తో సారం తీస్తాయి. ఏదీ చవక కాదు. కానీ ఖర్చు ఒక్కటే కారణమంటే నమ్మబుద్ధి కాదు. కూల్‌డ్రింక్ ధరకు అమ్మితే దాన్ని కూల్‌డ్రింక్ లాగే చూస్తారు. బార్ మెనూలో జిన్ పక్కన చోటు కావాలంటే జిన్ ధర ఉండాలి. తాగనివాడు కూడా బిల్లులో తన వాటా ఘనంగా కట్టేలా చేసిన ఏర్పాటు ఇది. బార్ యజమానికి కూడా ఇదే బాగుంటుంది.

ఈ సీసాల్లో ఎక్కువ భాగం జిన్‌నే ఎందుకు అనుకరిస్తాయి? జిన్ రుచి దాదాపు మొత్తం మొక్కల నుంచే వస్తుంది. వాసన లేని స్పిరిట్ తీసుకుని జూనిపర్, ధనియాలు, నారింజ తొక్క వేస్తే జిన్ అవుతుంది. కాబట్టి ఆల్కహాల్ తీసేసినా మూలికలు మిగులుతాయి. పైగా జిన్‌ను నీట్‌గా తాగేవాళ్లు తక్కువ. టానిక్ వాటర్ అనే చేదు సోడా పోస్తారు, ఐస్, నిమ్మచెక్క వేస్తారు. ఆ సందడిలో లోపాలు కప్పబడిపోతాయి. విస్కీ రుచి అలా కాదు. అది ధాన్యం పులియడంలో పుట్టి, ఓక్ పీపాలో ఏళ్ల తరబడి పెరుగుతుంది, ఆ రసాయనాలను మోసేది మళ్లీ ఆల్కహాలే. అందుకే ఆల్కహాల్ లేని విస్కీ అని వచ్చేవి చాలావరకు కాల్చిన చక్కెర, వెనిల్లా, పొగ వాసన కలిపిన నీళ్లలా ఉంటాయి.

భారతదేశం దగ్గరికి వచ్చేసరికి లెక్క ఇక్కడే తప్పుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం మన దేశంలో అధికారికంగా నమోదైన మద్యం వాడకంలో 90 శాతానికి పైగా స్పిరిట్లే, అంటే బట్టీ పట్టిన మద్యాలే. పైపైన చూస్తే ఇలాంటి దేశంలో ఆల్కహాల్ లేని స్పిరిట్లకు మంచి గిరాకీ ఉండాలి. కానీ మనవాళ్లు తాగేది విస్కీ, బ్రాందీ, రమ్ము, అందులోనూ ఎక్కువ భాగం మొలాసిస్ (చెరకు మడ్డి) స్పిరిట్‌తో కలిపినవి. మూలికల పరిమళం గురించి చర్చించుకుంటూ జిన్ సిప్ చేసేవాళ్లు హైదరాబాద్ గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ బార్లలో కొంతమంది ఉంటారు. వైన్ షాపు ముందు నిలబడేవాళ్లు వేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో మద్యం తాగేవాళ్లు దేశం మొత్తం మీద 19 శాతం, తెలంగాణలో 43 శాతం. ఆ 43 శాతంలో ఎంతమంది రోజ్‌మేరీ వాసన కోసం తాగుతున్నారు?

180 మిల్లీలీటర్ల క్వార్టర్‌నే తీసుకోండి. మన దగ్గర విస్కీలో సాధారణంగా ఉండే ఆల్కహాల్ 42.8 శాతం, అంటే క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్. గ్రాముకు 7 కేలరీల చొప్పున అదే 420 కేలరీలు. అయినా క్వార్టర్ కొనేవాడు ఆ డబ్బు ఇచ్చేది రుచికి కాదు. ముఖం చిట్లించుకుని, గుటకేసి, వెంటనే ఉప్పో పల్లీలో నోట్లో వేసుకునేది ఆ రుచి నుంచి తప్పించుకోవడానికే. అతనికి కావాల్సింది మత్తు. రుచిని మిగిల్చి మత్తును తీసేసిన సీసా అతనికి ఏ రకంగా ప్రత్యామ్నాయం అవుతుంది? నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా దుకాణాల మీద తిరగబడ్డ మహిళల ఉద్యమం సారా నిషేధానికి, 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. రెండేళ్లకే ఆ నిషేధం సడలిపోయింది. ఆ పోరాటం కూలి డబ్బులు సారా కొట్టుకు పోవడం మీద, ఇంటికొచ్చి కొట్టడం మీద. ఆ సమస్యకు సువాసనల సీసా జవాబు కాదు, దాన్ని అమ్మేవాళ్లు కూడా అలా చెప్పుకోరు.

ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని మాత్రం గట్టిగా చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్, మతి తప్పడం లాంటివి రావచ్చు. కొందరిలో ప్రాణాల మీదికి కూడా వస్తుంది. రేపటి నుంచి మందు బదులు ఈ సీసా అని సొంతంగా నిర్ణయించుకోవడం వాళ్లకు మంచిది కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, మందులతో మెల్లగా దింపాలి. మానేసి కోలుకుంటున్నవాళ్లకు మరో చిక్కు. అదే గ్లాసు, అదే ఐస్ చప్పుడు, అదే జిన్ వాసన మళ్లీ పాత కోరికను తట్టి లేపవచ్చు. కొందరికి ఏమీ కాదు, కొందరికి అదే తిరిగి జారిపోయే మెట్టు. ఎవరు ఏ రకమో ముందే చెప్పడం కష్టం కాబట్టి డీ-అడిక్షన్ చికిత్సలో ఉన్నవాళ్లు వీటికి దూరంగా ఉండటమే మేలు.

ఆల్కహాల్ లేదు అన్న మాటకు కూడా దేశానికో అర్థం ఉంది. బ్రిటన్‌లో ఆల్కహాల్ ఫ్రీ అని రాయాలంటే 0.05 శాతం దాటకూడదన్నది మార్గదర్శకం. మన దేశంలో 2018 నాటి ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) నిబంధనల ప్రకారం 0.5 శాతం దాటితేనే అది ఆల్కహాల్ పానీయం. 0.5 శాతంతో పెద్దవాళ్లకు మత్తు రాదు. కానీ గర్భిణులు, మతనియమం ప్రకారం చుక్క కూడా ముట్టనివాళ్లు సీసా వెనుక చిన్న అక్షరాలు చదవాల్సిందే. కొన్ని పానీయాలు ఇంకో అడుగు ముందుకేసి అశ్వగంధ లాంటివి కలిపి, మత్తు లేకుండానే రిలాక్స్ చేస్తామంటాయి. బ్రిటన్‌లో సెంటియా అనే పానీయమైతే ఆల్కహాల్ పనిచేసే మెదడు వ్యవస్థ మీదే మూలికలు పనిచేస్తాయని చెప్పుకుంటుంది. మనకు అశ్వగంధ పెరటి మూలికలా అనిపించినా డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వాడేవాళ్లు ఇలాంటివి డాక్టర్‌ను అడగకుండా తాగకూడదు.

పేరు మీద యూరప్‌లో పెద్ద గొడవే నడిచింది. అక్కడి చట్టం ప్రకారం జిన్ అంటే కనీసం 37.5 శాతం ఆల్కహాల్ ఉండాలి. జర్మనీలో ఆల్కహాల్ లేని జిన్ అని అమ్మిన ఒక పానీయం కేసులో, అలా పేరు పెట్టడానికి వీల్లేదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2025 నవంబర్‌లో తేల్చింది. కంపెనీలకు ఇది దెబ్బే. కానీ తాగేవాళ్లకు మంచి జరగొచ్చు. జిన్ అన్న పేరు పెట్టుకున్న సీసాను నాలుక జిన్‌తోనే పోలుస్తుంది, ఆ పోలికలో సీసా ప్రతిసారీ ఓడిపోతుంది. ఏ మద్యం పేరూ పెట్టుకోకుండా బఠాణీ, ఎండుగడ్డి అంటూ మొదలైన సీడ్‌లిప్ ఈ పోలిక నుంచి తప్పించుకుంది. సముద్రతీరపు మొక్కలతో చేసే పెంటైర్‌దీ అదే దారి.

మన దగ్గర పేరు గొడవ ఇంకోరకం. టీవీల్లో మద్యం ప్రకటనలు నిషేధం కాబట్టి కంపెనీలు అదే పేరుతో సోడా, మంచినీళ్లు, మ్యూజిక్ సీడీలు ప్రకటిస్తూ వచ్చాయి. ఆ సోడా ఏ షాపులోనూ కనిపించకపోయినా ప్రకటన మాత్రం క్రికెట్ మ్యాచ్ ఓవర్ ఓవర్‌కీ కనిపించేది. ఇప్పుడు 0.0 సీసా నిజంగానే దొరుకుతుంది, మద్యం లైసెన్స్ లేని సూపర్‌మార్కెట్‌లో కూడా పెట్టుకోవచ్చు. అదే లోగో, అదే రంగు, ఇప్పుడు పిల్లలు చాక్లెట్ ఏరుకునే వరుస పక్కన. తగ్గించుకోవాలనుకునేవాడికి ఇది ఉపయోగమే కావచ్చు, కానీ కంపెనీ లెక్కలో అది మొదటి సంగతి అనుకోవడం అమాయకత్వం. ఈ విషయంలో మద్యం బ్రాండు పేరు లేని సీసాలనే నమ్మడం మేలు.

మరి ఇవి నిజంగా ఎవరికి పనికొస్తాయి? మత్తు కోసం కాకుండా కూర్చోవడం కోసం తాగేవాళ్లకు. ఏ ఫంక్షన్‌లో చూసినా, ఏ ఆఫీసు పార్టీలో చూసినా బల్లకు ఒక చివర కూల్‌డ్రింక్ బ్యాచ్ ఉంటుంది. వాళ్ల గ్లాసుల్లో థమ్సప్పో స్ప్రైటో. అందులో నిండా చక్కెర, తియ్యగా, చల్లగా, రెండు గుటకల్లో ఖాళీ. అవతలివాళ్ల మొదటి పెగ్గు సగం అవకముందే ఇక్కడ రెండో గ్లాసు అయిపోతుంది. మూడోది ఒంటికి పట్టదు. ఇక స్టఫ్ తింటూ, ఫోన్ చూస్తూ, ఎప్పుడు లేద్దామా అని కూర్చోవాలి. ఈలోగా ఎవరో ఒకరు వచ్చి ఒక్క పెగ్గే కదా అని మొహమాట పెడతారు. రెండు పెగ్గుల దగ్గర ఆగాలనుకునేవాడికి మూడోది పోయించేది తరచుగా ఆ ఖాళీ గ్లాసే.

మత్తు లేని మంచి స్పిరిట్ ఈ ఖాళీని పూరిస్తుంది. దానికి జిన్ రుచి ఉండాల్సిన పని లేదు, గబగబా తాగడానికి వీలుకాని రుచి ఉంటే చాలు. చేదు, వగరు, కొంచెం మంట, తీపి చాలా తక్కువ. చేదు తగిలితే నోరు ఆగుతుంది, వగరు నాలుకను పొడిబారుస్తుంది, మంట గుటకకూ గుటకకూ మధ్య వ్యవధి పెంచుతుంది. మద్యం ఏ మోతాదులోనూ ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఇలా కూర్చోవడం కోసం తాగేవాళ్లకు నాలుగు పెగ్గుల్లో రెండు తగ్గినా లాభమే. అయితే ఒక మెలిక. సీసాలో చక్కెర లేకపోయినా పైన పోసే మామూలు టానిక్‌లో ఉంటుంది, చాలావాటిలో 100 మిల్లీలీటర్లకు 5 నుంచి 9 గ్రాములు. సోడా పోసుకుంటే ఆ బెడద లేదు.

ఇంతా చూశాక, ఆ పాతిక పౌండ్ల పని ఇంట్లో ఎంతవరకు అవుతుందన్నది కూడా చూడాలి. రాగి బట్టీ పరిమళం రాదు. కానీ గ్లాసును నిదానం చేసే చేదు, వగరు, మంట మాత్రం పోపుల డబ్బాలో, టీ డబ్బాలో ఉన్నాయి. గ్లాసుడు నీళ్లు మరిగించి, దించాక రెండు చెంచాల టీపొడి, కచ్చాపచ్చాగా దంచిన ఏడెనిమిది మిరియాలు, చిన్న శొంఠి కొమ్ము, రెండు యాలకులు, అరచెక్క నిమ్మతొక్క వేసి మూత పెట్టాలి. నిమ్మతొక్క లోపలి తెలుపు తీసేయక్కర్లేదు, చేదు అక్కడే ఉంది. పది నిమిషాలు ఆగి వడకట్టి ఫ్రిజ్‌లో పెడితే, మామూలుగా తాగలేనంత కటువైన డికాక్షన్ వస్తుంది. పెద్ద ఐస్ ముక్క మీద దాన్ని 50 మిల్లీలీటర్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి, మూడింతలు చల్లటి సోడా కలపాలి. వగరు ఇంకా కావాలంటే ఉసిరికాయ ముక్క చితక్కొట్టి వేసుకోవచ్చు. రాయలసీమలో అయితే చెంచాడు నన్నారి (సుగంధిపాల వేరు) సిరప్ కలిపినా బాగుంటుంది, అంతకు మించితే షర్బత్ అయిపోతుంది. ఈ డికాక్షన్ రెండు మూడు రోజులకు మించి నిలవ ఉండదు, టీ వల్ల రాత్రి పొద్దుపోయాక తాగితే నిద్ర కూడా చెడుతుంది.